ఓటిస్ కళ్ళ ఎత్తు

హారికకి అబద్ధం చెప్పాను. డెబ్బై ఆరేళ్ళ వయసులో, అమెరికాలోని ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంట్లో, హారికే తెచ్చిన పూతరేకు నోట్లో ఇంకా కరగకుండానే చెప్పాను. హారికకి ముప్పై ఏళ్ళుండవు. ఇక్కడే మాస్టర్స్ చేసి ఒక ఆర్కిటెక్చర్ ఆఫీసులో చేరింది. నేను కుర్రతనంలో డ్రాయింగులు గీసిన ఒక పాత బేస్‌బాల్ స్టేడియాన్ని మళ్ళీ బాగుచేసే పని వాళ్ళ ఆఫీసుకి వచ్చింది. పాత డ్రాయింగులు తిరగేస్తుంటే ఒక షీటు మూలన నా పొడి అక్షరాలు కనిపించాయట. ఎవరా అని ఆరా తీస్తే ఆ మనిషి తెలుగువాడనీ, బతికే ఉన్నాడనీ, కూతురి దగ్గర ఉంటున్నాడనీ తెలిసింది. మా సునీతకి ఫోన్ చేసి ఒక శనివారం పొద్దున కారేసుకుని వచ్చేసింది.

"అంకుల్, ఈ ఇనిషియల్స్ మీవే కదా?" అంటూ డైనింగ్ టేబుల్ మీద షీటు పరిచింది.

"నావే."

"సూపర్! మా ఆఫీస్‌లో ఎవరూ నమ్మలేదు తెలుసా. అంత పాత ప్రాజెక్ట్‌లో మన తెలుగాయన ఏంటి అని."

అది మూడో బేస్ వెనక వీల్‌చైర్లలో వచ్చేవాళ్ళ కోసం కట్టిన వేదిక డ్రాయింగు. నిలువునా కోసి చూపించిన బొమ్మ. వేదిక మీద చక్రాల కుర్చీలో ఒక మనిషి, ముందు వరసల్లో కూర్చున్న మనుషులు, కుర్చీలోని మనిషి కంటి నుంచి మైదానం దాకా ఒక సన్నటి గీత. పక్కన నా చేతిరాతలో ఒక నోటు: ముందువాళ్ళు కూర్చున్నా, నిలబడినా చూపు అందుతుంది, సరిచూడబడింది.

"నేను మోడల్‌లో పెట్టి చెక్ చేశాను అంకుల్. కూర్చుంటే ఓకే. ముందు రో వాళ్ళు లేస్తే మాత్రం ఏమీ కనిపించట్లేదు. కానీ మీరు చెక్ చేశాను అని రాశారు కదా. తర్వాత సైట్‌లో ఏమైనా చేంజ్ చేశారా? ఓనర్ వాళ్ళేమో పాత డ్రాయింగ్‌లో క్లియర్‌గా ఉంది, దాన్ని ముట్టుకోవద్దు, అలాగే ఉంచేయండి అంటున్నారు. మీరు ఒక్క మాట చెప్తే నాకు క్లారిటీ వస్తుంది."

"గుర్తు లేదమ్మా," అన్నాను. "ఎప్పటి మాట అది."

"పర్లేదు అంకుల్. నా మోడలే రాంగ్ అయ్యుంటుంది. మళ్ళీ చూసుకుంటాను," అని షీటు చుట్టేసింది. తప్పు తన మీద వేసుకుని, సునీత ఇచ్చిన కాఫీ తాగి, వెళ్ళేటప్పుడు నా కాళ్ళకి దండం పెట్టి మరీ వెళ్ళింది.

గుర్తు లేకపోవడం కాదు. ఆ షీటు గీసిన రోజుల్లో నేనున్న ఇంటి వాసన కూడా గుర్తుంది నాకు. పొగబెట్టిన టర్కీ మాంసం ముక్క వేసి గంటల తరబడి ఉడికించే ఆకుకూర వాసన, ఇనప మూకుడులో కాలే మొక్కజొన్న రొట్టె వాసన, వాటన్నిటి కింద ఎప్పుడూ తడిమట్టి వాసన. ఆ ఇల్లు ఓటిస్‌ది. నేను పైన ఒక గది అద్దెకి తీసుకుని నాలుగేళ్ళకి పైగా ఉన్నాను. ఓటిస్, ఎర్లీన్ నల్లజాతి దంపతులు, అప్పటికే అరవై దాటినవాళ్ళు, పిల్లల్లేరు. యూనివర్సిటీలో నాతో చదివిన మన తెలుగాయన ఒకడు "ఆ పేటలో ఎందుకయ్యా, మనవాళ్ళం అందరం ఇటు ఉన్నాం కదా" అని చాలాసార్లు అన్నాడు. ఆయన ఇంట్లో నన్ను ఎప్పుడూ ముందుగదిలోనే కూర్చోబెట్టేవాడు. మా నాయన రాళ్ళు కొట్టేవాడని ఆయనకి తెలుసు. ఎర్లీన్ మొదటి రోజే నన్ను వంటగదిలో కూర్చోబెట్టి ఆకుకూర పెట్టింది. అందుకే అక్కడే ఉన్నాను.

ఓటిస్ ఆ ఊరి స్టేడియంలో ముప్పై ఏళ్ళు మైదానం చూసుకున్న మనిషి. పచ్చిక కోయడం, మట్టి చదును చేయడం, నీళ్ళు పెట్టడం, తెల్లగీతలు వేయడం. బేస్‌బాల్‌లో ఆటంతా ఆ ఎర్రమట్టి మీద, ఆ మట్టిలో ఎంత తడి ఉందన్న దాని మీద నడుస్తుంది. బంతి నేలకి తగిలి నెమ్మదిగా లేస్తుందా, మొహం మీదికి ఎగురుతుందా అన్నది నీళ్ళు పెట్టినవాడి చేతిలో ఉంటుంది. షుగర్ ముదిరి ఒక కాలు మోకాలి పైకి తీసేశాక ఓటిస్ చక్రాల కుర్చీలో పడ్డాడు. పాత స్టేడియంలో ఎటు పోయినా మెట్లే. ముప్పై ఏళ్ళు తను దువ్వి, తడిపి, చదును చేసిన నేలని ఆయన మళ్ళీ చూడలేదు. ఇంటికి తెచ్చుకున్నది ఒక కాఫీ డబ్బాడు మట్టి. అది వంటింటి కిటికీలో ఉండేది. పొద్దున్నే దానిలో చెంచాడు నీళ్ళు పోసి, చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసుకునేవాడు. మా నాయన కూడా సున్నం, ఇసుక కలిపాక అచ్చం అలాగే నలిపి చూసేవాడు. ఆ సంగతి చెబితే ఓటిస్ "అయితే మీ నాన్నకి పని తెలుసు" అన్నాడు. అమెరికాలో మా నాయన్ని గురించి ఎవరైనా అన్న మొదటి మంచి మాట అది.

నా చదువు సంగతి ఇక్కడ చెప్పాలి. మీసాలు వచ్చాక పలక పట్టినవాణ్ణి నేను. పదహారేళ్ళ దాకా నాపరాళ్ళు మోశాను. కాలవ పనుల దగ్గర రాతి మీద బొగ్గుతో నేను గీసిన బొమ్మలు చూసి ఒక ఓవర్సీరు గారు ఇంటికి తీసుకెళ్తే, ఆయన భార్య నాకు అక్షరాలు నేర్పింది. గీయడం ముందు వచ్చింది, రాయడం తర్వాత వచ్చింది. మా నాయనకి ఏదీ రాలేదు. కాగితం ముక్క కాలికి తగిలితే వంగి తీసి కళ్ళకి అద్దుకునేవాడు. అది కిరాణాకొట్టు పొట్లం కాగితమైనా సరే. దాని మీద రాసి ఉందంటే అది నిజమే అయి ఉంటుందని ఆయన నమ్మకం. నేను ఒకటొకటిగా పరీక్షలు గట్టెక్కి, డ్రాఫ్ట్స్‌మన్ పని నేర్చి, ఆర్కిటెక్చర్ చదివి అమెరికా దాకా వచ్చాను గానీ ఇంగ్లీషు పుస్తకం పైకి చదవమంటే చెమటలు పట్టేవి. ఒక్కో మాటనీ రాయిలా ఎత్తి పక్కన పెట్టాలి.

అది కనిపెట్టింది ఎర్లీన్. మందు చేసింది ఓటిస్. రోజూ పొద్దున కాఫీ దగ్గర పేపర్లో నిన్నటి ఆట కథనాన్ని నేను పైకి చదవాలి, ఆయన కళ్ళు మూసుకుని వినాలి. తప్పు చదివితే ఎర్లీన్ పొయ్యి దగ్గర నుంచే గరిటె ఎత్తేది. సాయంత్రం రేడియోలో ఆట. వరండాలో కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని ఓటిస్ స్కోర్‌కార్డు రాసేవాడు. ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో గడి. బంతి నేల మీద పోతే తిన్నని గీత, గాల్లో పోతే విల్లులాంటి గీత. బ్యాటు చప్పుడు రేడియోలో వినగానే, వ్యాఖ్యాత నోరు తెరవకముందే, పెన్సిలు కదిలేది. "నేలబంతి" అనేవాడు. నేలబంతే అయ్యేది. ఆయన కార్డు చూసి నేను బేస్‌బాల్ నేర్చుకున్నాను. మన బిళ్ళంగోడు ఆడినవాడికి అదంత కష్టం కాదు. కానీ ఒక్క ఆట కూడా స్టేడియానికి పోయి చూడలేదు. మైదానం లేని మనిషితో, మైదానం చూడకుండా, చెవులతోనే నేర్చుకున్నాను.

అలాంటి రోజుల్లో మా ఆఫీసుకి ఆ స్టేడియాన్నే బాగుచేసే పని వచ్చింది. మా పైవాడు గ్లెన్ నా చేతిలో పెట్టిన ముక్క, వీల్‌చైర్ల వేదిక. ఇంటికొచ్చి చెబితే ఓటిస్ రేడియో ఆపేశాడు. ఆట నడుస్తుండగా ఆయన రేడియో ఆపడం నేను అంతకుముందు చూడలేదు.

"నన్ను లోపలికి తీసుకెళ్తున్నావా, అబ్బాయ్?"

"మీ కోసమే గీస్తున్నాను, మిస్టర్ ఓటిస్."

ఆ రోజు నుంచి సాయంత్రం నేను మెట్ల దగ్గర బూట్లు విప్పేలోపే ప్రశ్న వచ్చేది: "నా సీటు ఎక్కడిదాకా వచ్చింది?" ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన కుర్చీని వంటగది బల్ల పక్కన నిలిపి, నేల నుంచి కంటి దాకా టేపు పెట్టి కొలిచాను. నలభై ఐదు అంగుళాలు.

"ఏం, శవపెట్టె చేయిస్తున్నావా మా ఆయనకి?" అంది ఎర్లీన్.

"దానికైతే పడుకోబెట్టి కొలుస్తారే, పిచ్చిదానా," అన్నాడు ఓటిస్. కదలకుండా ఉండమంటే నవ్వు ఆపుకోలేక కళ్ళ ఎత్తు మార్చేస్తున్నాడు. మూడుసార్లు కొలవాల్సి వచ్చింది.

ఆ నలభై ఐదు అంగుళాల నుంచి గీత గీసి, ముందు వరసలో కూర్చున్నవాడి తల మీదుగా మైదానానికి చూపు చేర్చాను. డ్రాయింగు ఇంటికి తెచ్చి చూపించాను. ఓటిస్ చాలాసేపు చూశాడు. "మరి లేచినప్పుడు?" అన్నాడు.

"ఎవరు?"

"ముందున్నవాళ్ళు."

"ఎందుకు లేస్తారు? ఆట చూడడానికి కదా వచ్చింది?"

మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు. నా తప్పు నాకు అప్పుడు తెలిసింది. మా ఊళ్ళో వీధినాటకం ఆడితే గోనెపట్టాలు పరుచుకుని కింద కూర్చుంటాం. ఎవడైనా లేచాడా, వెనక నుంచి మట్టిగడ్డ వీపున పడుతుంది, బూతు చెవిన పడుతుంది. చూడడం అంటే కూర్చోవడమే నాకు. రేడియోలో జనం కేకలు వినిపిస్తాయి గానీ వాళ్ళు లేచి అరుస్తున్నారో కూర్చుని అరుస్తున్నారో వినిపించదు కదా. ఎర్లీన్ కళ్ళు తుడుచుకుంటూ, "ఆఖర్న, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మా పాస్టర్ కూడా లేస్తాడు, నాయనా. ప్రార్థనలో లేవమంటే మోకాళ్ళ నొప్పి అనే మనిషి," అంది.

మర్నాడు ఆఫీసులో ముందు వరస మనిషిని నిలబెట్టి మళ్ళీ గీశాను. గీత పోయి వాడి నడుం బెల్టు దగ్గర ఆగిపోయింది. వేదిక మూరెడు పైకి లేవాలి. లేపితే ర్యాంపు పొడుగవుతుంది, వెనక రెండు వరసలు పోతాయి. అవి స్టేడియం వాళ్ళు గట్టిగా అడిగి పెట్టించుకున్న వరసలు. గ్లెన్ దగ్గరికి వెళ్ళాను. గ్లెన్ చెడ్డవాడు కాదు. గొంతు పెంచడం ఎరగడు. డ్రాయింగు చూశాడు, కళ్ళద్దాలు తీశాడు. "జనం లేచేది నాలుగు నిమిషాలు. ఇన్నాళ్ళూ వీళ్ళకి అసలు చోటే లేదు, ఇప్పుడు ఇస్తున్నాం. గురువారం కాంక్రీటు పోస్తారు. సరిచూశామని నోటు రాసి పంపించెయ్," అన్నాడు. నేను తలుపు దాకా వచ్చాక, "నీ గ్రీన్‌కార్డు కాగితాలు వచ్చేవారం కూర్చుని చూద్దాం, గుర్తు చెయ్," అన్నాడు. ఈ రెండు మాటలకీ సంబంధం ఉందని ఆయన అనలేదు. ముడి వేసుకున్నది నేను. ఇన్నేళ్ళూ నా మనసులో గ్లెన్‌ని ముందు నిలబెట్టి వెనక దాక్కున్నాను. అప్పటి నియమాల్లో ఎన్ని చోట్లు ఉండాలో, ర్యాంపు ఎంత వాలు ఉండాలో రాసి ఉంది గానీ, ముందువాళ్ళు లేస్తే ఏమిటన్నది ఎవరూ నిలదీసి అడిగేవాళ్ళు కాదు. దాని వెనకా దాక్కున్నాను.

ఆఫీసులో నా చేతిరాత బాగుంటుందని నోట్లన్నీ నాచేతే రాయించేవారు. ఆలస్యంగా నేర్చుకున్నవాడు అక్షరాన్ని జాగ్రత్తగా పెడతాడు. ఆ రోజు కూడా జాగ్రత్తగానే పెట్టాను. కూర్చున్నా, నిలబడినా. సరిచూడబడింది. కింద నా పొడి అక్షరాలు. మా నాయన ఆ షీటు నేల మీద చూసి ఉంటే తీసి కళ్ళకి అద్దుకునేవాడు.

సాయంత్రం బూట్లు విప్పుతుంటే ప్రశ్న వచ్చింది. "ఎత్తు పెంచాను," అన్నాను. ఓటిస్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు, రెండు చేతులతో.

స్టేడియం మళ్ళీ తెరిచాక వచ్చిన మొదటి ఆదివారం, మధ్యాహ్నం ఆటకి ముగ్గురం వెళ్ళాం. ఎర్లీన్ ఆయన చొక్కాకి గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. కొత్త పెన్సిళ్ళు రెండు చెక్కుకుని జేబులో పెట్టుకున్నాడు. ర్యాంపు మీద నేను తోస్తుంటే, "ఆగు, నేనే," అని చక్రాలు తనే తిప్పుకుంటూ పైకి వచ్చాడు. మైదానం కనిపించగానే ఆగిపోయాడు. "పచ్చిక కొంచెం పొడుగుంచారు," అన్నాడు. మైదానం పనివాళ్ళు కొందరు ఆయన్ని గుర్తుపట్టి కిందనుంచి టోపీలు ఎత్తారు. ఎనిమిది ఇన్నింగ్స్ దాకా ఆయనంత సుఖంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. వేరుశనక్కాయలు వలిచి నాకు పెడుతూ, ఎవడు ఎక్కడ నిలబడ్డాడో, ఎందుకు నిలబడ్డాడో చెబుతూనే ఉన్నాడు. నేను సగమే విన్నాను. ముందు వరసలోని వీపుల్ని లెక్కపెడుతున్నాను.

తొమ్మిదో ఇన్నింగ్స్. మా ఊరి జట్టు ఒక పరుగు వెనక ఉంది. మనవాళ్ళు ఇద్దరు బేస్‌ల మీద, పరుగు తీయడానికి సిద్ధంగా ఉన్నారు. బంతి విసిరే పిచ్చర్ చెయ్యి వెనక్కి తీయగానే మా ముందు వరసంతా లేచింది. గోడ లేచినట్టు లేచింది. అందరూ మైదానం చూస్తున్నారు. నేను ఓటిస్‌ని చూస్తున్నాను. ఆయన కళ్ళ ముందు ఒక లావాటి మనిషి తోలు బెల్టూ, బయటికి వచ్చేసిన చొక్కా అంచూ ఉన్నాయి. ఎడమకి వంగాడు, కుడికి వంగాడు. రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, ఉన్న ఒక్క కాలి మీద లేవబోయాడు. మెడనరాలు బిగుసుకున్నాయి. బ్యాటు చప్పుడైంది. స్టేడియం అదిరిపోయింది. ఆయన మళ్ళీ కుర్చీలో పడ్డాడు.

"ఏమైంది అబ్బాయ్? ఎటు పోయింది?"

నేను చూడలేదు. అప్పుడు తలెత్తి చూస్తే ఇద్దరూ పరిగెత్తి వచ్చేశారు, మనవాళ్ళు గెలిచి గంతులు వేస్తున్నారు, దూరంగా ఎడమవైపు ఫీల్డర్ చేతిలో బంతి ఉంది. చూడలేదు అని చెప్పొచ్చు. చెబితే ఎందుకు చూడలేదో చెప్పాలి.

"గాల్లో పోయింది. ఎడమవైపు. ఫీల్డర్ ముందు పడింది," అన్నాను.

"గాల్లోనా? చప్పుడు అలా లేదే."

"గాల్లోనే."

ఆయన గడిలో విల్లులాంటి గీత గీశాడు. ఎర్లీన్ ఆట లేచి నిలబడి చూసింది. ఆమెకి అన్నీ కనిపించాయి.

మర్నాడు పొద్దున కాఫీ. మట్టి డబ్బాలో చెంచాడు నీళ్ళు. నా చేతిలో పేపరు. కథనం చదువుతున్నాను. చదువు వచ్చినవాళ్ళు కంటితో ముందుకెళ్ళి, ఏముందో పసిగట్టి, వద్దనుకున్నది దాటేస్తారు. నాకది రాదు. మాట వెనక మాట నోట్లోంచి వచ్చాకే నాకూ తెలిసేది. అలాగే వచ్చింది. బంతి నేల మీద దొర్లుతూ వెళ్ళిందనీ, మట్టీ పచ్చికా కలిసే అంచున తగిలి, ఆపడానికి వంగిన కుర్రవాడి భుజం మీదుగా ఎగిరిపోయిందనీ.

"మళ్ళీ చదువు," అన్నాడు ఓటిస్.

మళ్ళీ చదివాను.

ఆయన కార్డు తెప్పించుకుని, రబ్బరు తీసుకుని విల్లుగీత చెరిపి తిన్నని గీత గీశాడు. "ఆ అంచు," అన్నాడు. "ముప్పై ఏళ్ళు ఆ అంచుని చేత్తో సరిచేశాను. రోజూ మట్టి ఎగిరొచ్చి గట్టు కడుతుంది అక్కడ. నీళ్ళు తక్కువ పెట్టి ఉంటారు. లేకపోతే గట్టు చిమ్మకుండా వదిలేసి ఉంటారు. చూస్తే ఏదో తెలిసేది." నా వైపు చూడలేదు. వేళ్ళ మధ్య మట్టి నలుపుతున్నాడు.

ఎర్లీన్ నా ముందు రొట్టె పెట్టి, చెయ్యి తీయకుండా అలాగే నిలబడింది. "ఎత్తు పెంచానన్నావు," అంది.

"పెంచాను. చాలలేదు," అన్నాను. వాళ్ళకి చెప్పిన మూడో అబద్ధం.

"వదిలెయ్, ఎర్లీన్," అన్నాడు ఓటిస్. "నాకు మెడ పట్టేసింది. రేడియోనే మేలు." ఆ తర్వాత ఆయన స్టేడియానికి వెళ్ళలేదు. నా సీటు ఎక్కడిదాకా వచ్చింది అని అడగలేదు. నాచేత పేపరు చదివించడం మాత్రం మానలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆకుకూర పెట్టడం ఎర్లీన్ మానలేదు. అదీ మానేసి ఉంటే బాగుండేది. గ్రీన్‌కార్డు వచ్చింది. పెళ్ళి చేసుకోవడానికి ఇండియా వెళ్ళి వచ్చి, వేరే ఊళ్ళో పెద్ద ఆఫీసులో చేరాను. రెండేళ్ళకి ఎర్లీన్ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఓటిస్ పోయాడనీ, మట్టి డబ్బా నాకు ఇవ్వాలని ఉందనీ, వీలైతే రమ్మనీ రాసింది. నెమ్మదిగా చదువుకునేవాడి కోసం పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. నాకు చదవడం నేర్పిన ఇంటినుంచి వచ్చిన ఉత్తరం అది. నేను జవాబు రాయలేదు. మా ఆవిడ ఎవరిదని అడిగితే పాత అద్దె ఇంటివాళ్ళది అన్నాను.

ఆ తర్వాత నలభై ఏళ్ళు స్టేడియాలే గీశాను, పాతవి బాగుచేశాను. ఎక్కడ చేసినా వీల్‌చైర్ల వేదిక దగ్గర మొండికేసేవాణ్ణి. ముందువాళ్ళందరూ లేచారనుకునే గీయాలి, వరసలు పోతే పోనీ అనేవాణ్ణి. ఓనర్లతో కొట్లాడాను. ఒకసారి ఉద్యోగం వదిలేస్తానని లేచి నిలబడ్డాను కూడా. అందరూ నన్ను దయగలవాడు అన్నారు. రిటైరయ్యే రోజు ఒక కుర్రవాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని మాట్లాడాడు. నేను మైకు అందుకుని థాంక్స్ చెప్పి కూర్చున్నాను. మొదటి స్టేడియం పేరు ఎత్తలేదు. ఇప్పుడు పిల్లలు కంప్యూటర్లో మనిషిని ఏ సీటులో కావాలంటే అక్కడ కూర్చోబెట్టి వాడి కళ్ళలోంచి చూస్తున్నారు. వంటింట్లో టేపు పెట్టి కొలవక్కర్లేదు. హారిక మోడల్ అబద్ధం చెప్పలేదు. అబద్ధం రాసింది మేము, చేత్తో, అందమైన అక్షరాలతో. ఆ వేదిక మీద ఈ నలభై అయిదేళ్ళలో ఎందరు కూర్చుని, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఎందరు పక్కవాణ్ణి "ఏమైంది" అని అడిగి ఉంటారో నాకు తెలియదు.

హారిక వెళ్ళిన నాలుగో రోజు ఫోన్ చేశాను. "నీ మోడల్ కరెక్టమ్మా. నేను నిలబెట్టి చూశాను. కనిపించదని తెలిసే రాశాను," అన్నాను.

"అంకుల్... ఫోన్‌లో చెప్తే వాళ్ళు యాక్సెప్ట్ చేయరు. రైటింగ్‌లో ఇవ్వగలరా? సారీ అంకుల్, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాను," అంది.

సునీతకి కోపం వచ్చింది. "ఎందుకు నాన్నా ఇప్పుడు ఇదంతా? లాయర్‌తో మాట్లాడకుండా సైన్ చేయకు. నీకు ఎవరైనా కేస్ వేస్తే? ఎప్పటిదో, ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడలేకపోయారనే కదా," అన్నాను.

ఇంగ్లీషులో ఏడు వాక్యాలు. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళయింది. కూర్చున్నవారికి మాత్రమే సరిచూశాను. నిలబడినవారికి చూస్తే చాలలేదు. చాలలేదని తెలిసి సరిపోయిందని రాశాను. కింద పొడి అక్షరాలు కాకుండా ఇంటిపేరుతో సహా, కోటయ్య అని పూర్తిగా పేరు రాశాను. దానితో ఓనర్లు ఒప్పుకుంటారో లేదో ఇంకా తేలలేదు. ఆ రెండు వరసలూ వాళ్ళకి ఇప్పటికీ కావాలి.

నిన్న హారిక వీడియో కాల్ చేసింది. కొత్త డ్రాయింగు గీస్తోందట, వేదిక ఎత్తు పెంచి. ఫోను బల్ల మీద నిలబెట్టాను. సునీత పొయ్యి దగ్గర పోపు వేస్తోంది.

"అంకుల్, కుర్చీలో పర్సన్‌కి ఐ లెవెల్ ఎంత పెట్టను? గైడ్‌లైన్స్‌లో రేంజ్ ఇచ్చారు."

"నలభై ఐదు అంగుళాలు."

"అంత ఎగ్జాక్ట్‌గానా? ఎక్కడిది అంకుల్ ఆ నంబర్?"

"కొలిచాను. మూడుసార్లు. గీత బ్యాటర్ నిలబడే హోమ్‌ప్లేట్‌కి ఒక్కదానికే కాదు, రెండో బేస్‌కీ మూడోదానికీ మధ్య మట్టీ పచ్చికా కలిసే అంచు ఉంటుంది, అక్కడికి కూడా వెయ్యి."

"ఓకే అంకుల్. కానీ ఎవర్ని కొలిచారు?"

"ఓటిస్‌ని."

సునీత పొయ్యి ఆపేసి ఇటు తిరిగింది. నలభై దాటిన నా కూతురు, పుట్టినప్పటి నుంచి నా నోట ఆ పేరు విని ఎరగదు.

"ఓటిస్ ఎవరు నాన్నా?"

ఆయన మట్టి తెలిసిన మనిషి అని మొదలుపెట్టాను. నాకు చదవడం నేర్పినాయన అనబోయాను. ముందు చెప్పాల్సింది అది కాదనిపించి ఆగాను. ఫోన్లో హారిక కూడా పెన్ను పక్కన పెట్టి చూస్తోంది.

"ఆయనకి నేను అబద్ధం చెప్పానమ్మా," అన్నాను.